వదిలేయడమా, అప్పగించడమా? దేవుణ్ణి నమ్ముకోవడంలోని చిక్కుముడి

గోదావరి డెల్టాలో ఏ సంఘానికి వెళ్ళినా, బుధవారం స్త్రీల కూటంలోనో ఆదివారం సాక్ష్యాల సమయంలోనో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: “ప్రభువు చేతుల్లో పెట్టేశానండి.” కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కూతురి దగ్గర నుంచి నెల రోజులుగా ఫోను రాని తల్లి ఈ మాట అంటుంది. రొయ్యల చెరువులో పెట్టుబడి పోగొట్టుకున్న రైతు అంటాడు. ఇంటర్ ఫలితాల కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడు అంటాడు. షుగరు మాత్రలు మానేసిన పెద్దాయన కూడా అచ్చంగా ఇదే మాట అంటాడు. అందరి నోటా ఒకే మాట వచ్చినా వాళ్ళు చేస్తున్న పని ఒకటి కాదు. తల్లి తన చేతికి అందని దాన్ని దేవుడికి ఇస్తోంది, పెద్దాయన తన చేతిలో ఉన్న దాన్ని జారవిడుస్తున్నాడు. రెండింటినీ విశ్వాసమనే పిలుస్తున్నాం కాబట్టి, ఏది బైబిలు చెప్పే నమ్మకం, ఏది కాదు అన్న చోట చాలామంది నిజాయితీగానే తికమకపడుతున్నారు. ఆ తికమక ఎక్కడ పుట్టిందో, దాని గురించి సంఘ చరిత్రలో ఎవరేమన్నారో ఒక వరుసలో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల దగ్గర మొదలుపెడితే

ప్రసంగాల్లో తరచుగా ‘వదిలేయండి’ అన్న మాట వాడతారు. మీ ఆలోచనలు వదిలేయండి, మీ ప్రయత్నాలు వదిలేయండి, ఆయన చూసుకుంటాడు అంటారు. తెలుగు బైబిలు ఇలాంటి చోట వాడిన మాట వేరు. 37వ కీర్తన 5వ వచనం, “నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము, నీవు ఆయనను నమ్ముకొనుము” అంటుంది. ఇందులో రెండు క్రియలున్నాయి, రెండూ నిదానంగా చూడదగినవి.

ఒక దాన్ని వదిలేయాలంటే అవతల ఎవరూ ఉండనక్కరలేదు. బస్సులో గొడుగు వదిలేసి దిగిపోతాం, అది ఎవరికి దొరికిందో మనకు తెలియదు. అప్పగించాలంటే మాత్రం పుచ్చుకునే మనిషి ఎదురుగా ఉండాలి, ఆ మనిషి ఎలాంటివాడో మనకు తెలిసి ఉండాలి. పెళ్ళిలో అప్పగింతల వేళ కూతురి చేతిని అత్తమామల చేతుల్లో పెట్టే తండ్రిని చూడండి. ఆ క్షణంతో ఆయన తండ్రి కాకుండా పోడు. పండక్కి పిలుస్తాడు, కష్టమొస్తే పరుగెత్తుతాడు. అయితే ఆ ఇంట్లో రేపు ఏం జరగాలో నిర్ణయించే అధికారం ఇక తనది కాదని కన్నీళ్ళతో ఒప్పుకుంటాడు. కూతురు వస్తువు కాదు కాబట్టి ఈ పోలిక అన్ని వైపులా సరిపోదు. ప్రేమ తగ్గకుండానే అధికారం చేతులు మారడం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనబడలేదు.

రెండో క్రియ నమ్ముకోవడం. ‘నమ్మాడు’ అంటే ఒక మాట నిజమని ఒప్పుకున్నాడు. ‘భూమిని నమ్ముకున్నాడు’ అంటే తన బతుకంతా దాని మీద పెట్టుకున్నాడు. భూమిని నమ్ముకున్న రైతు ఊడ్పులు మానడు, గోదారిని నమ్ముకున్న జాలరి వల మడిచి పెట్టడు. తెలుగులో నమ్ముకున్నవాడెప్పుడూ పనిలోనే ఉంటాడు. దేవుణ్ణి నమ్ముకోవడానికీ చేతులు కట్టుకు కూర్చోవడానికీ చుట్టరికం ఎలా కలిసిందో గాని, మన భాష మాత్రం కలపలేదు.

ఇక అదుపు. ఈ మాటలో రెండు అర్థాలు కలిసిపోయి ఉన్నాయి. మన వంతు పని చేయగలగడం ఒకటి, ఫలితం మనం అనుకున్నట్టే రావాలని పట్టుబట్టడం మరొకటి. డెల్టాలో ఈ తేడా చూపించడానికి ధవళేశ్వరాన్ని మించిన చోటు లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టను గోదావరిని ఆపడానికి కట్టలేదు. గట్టి క్రైస్తవ విశ్వాసి అయిన ఆర్థర్ కాటన్, నీటిమట్టం కాలువలకు అందేంత వరకు పెంచి మిగతాది సముద్రానికి పోనిచ్చే ఏర్పాటు చేశాడు. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంత నీటిని పట్టి ఉంచగలమని ఆ బ్యారేజీ మీద పనిచేసేవారు ఎవరూ అనుకోరు, గేట్లు పైకెత్తుతారు. అలా ఎత్తేశామని ఎవరూ ఇంటికి వెళ్ళి పడుకోరు కూడా. గంట గంటకూ నీటిమట్టం రాస్తారు, గట్లు చూస్తారు, లంకల్లోని వాళ్ళను ఒడ్డుకు చేరుస్తారు. నదిని ఏలే పని వాళ్ళు ఎన్నడూ పెట్టుకోలేదు, నది పక్కన తాము చేయవలసిన పని మానుకోనూ లేదు.

చింత అనే మాట మరీ తికమక పెడుతుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో “దేనినిగూర్చియు చింతపడకుడి” అన్న పౌలే, అదే పత్రిక 2వ అధ్యాయంలో తిమోతిని మెచ్చుకుంటూ, మీ క్షేమం గురించి నిజంగా చింతించేవాడు అతనిలాంటివాడు మరొకడు నా దగ్గర లేడన్నాడు. గ్రీకు మూలంలో కూడా రెండు చోట్లా ఒకే క్రియ ఉంది. కాబట్టి బైబిలు ప్రతి చింతనూ పాపమనడం లేదు. ఒకరి మేలు కోరి బరువు మోయడం ఒక చింత, రేపటి రోజును ఈ రాత్రే నా పిడికిట్లోకి తెచ్చుకోవాలనే ఆరాటం మరో చింత. 1 పేతురు 5వ అధ్యాయంలో “మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అన్న వెంటనే, తరువాతి వచనంలోనే “మెలకువగా ఉండుడి” అని ఉంది. మొదటి వచనం గోడల మీద క్యాలెండర్లలో కనిపిస్తుంది, రెండోది అంతగా కనిపించదు.

“ఊరకుండుడి” అని ఎవరితో అన్నారు?

ఈ విషయంలో అందరికంటే ఎక్కువగా ఎత్తి చూపే వచనం 46వ కీర్తనలోని “ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి” అన్నది. దీన్ని మౌనధ్యానానికీ, ఏమీ చేయకుండా ఉండటానికీ ఆధారంగా చూపుతారు. దీనికి ముందున్న వచనం యుద్ధాల గురించి మాట్లాడుతుంది: దేవుడు విల్లు విరుస్తాడు, బల్లెం నరుకుతాడు. హీబ్రూలో ‘ఊరకుండుడి’ అన్న క్రియకు చేతులు సడలించడం, పట్టు విడవడం అనే అర్థం ఉంది. అంటే ఆ మాట ముందుగా ఆయుధం పట్టుకున్న చేతులతో అన్నది, పోరు చాలించమని చెప్పినది. బాధతో అలసిన మనిషి ఆ వచనంలో నెమ్మది పొందడం తప్పేమీ కాదు. దాన్ని పని మానమనే ఆజ్ఞగా మార్చడానికి మాత్రం ఆ కీర్తనలో చోటు లేదు.

నిర్గమకాండము 14వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. ముందు సముద్రం, వెనుక ఫరో రథాలు. 14వ వచనంలో మోషే ప్రజలతో, యెహోవా మీ పక్షాన యుద్ధం చేస్తాడు, మీరు ఊరకే ఉండండి అంటాడు. చాలా ప్రసంగాలు ఇక్కడ ఆగుతాయి. 15వ వచనంలో దేవుడు మోషేతో, నువ్వెందుకు నాకు మొరపెడుతున్నావు, సాగిపొమ్మని వాళ్ళతో చెప్పు అంటాడు. సముద్రాన్ని చీల్చే పనిలో వాళ్ళకు వంతు లేదు, నడిచే పని మాత్రం పూర్తిగా వాళ్ళదే. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని, ఆరిన నేల మీద ఆ రాత్రి వాళ్ళే నడవాలి.

ఓడలో 276 మంది

దేవుడు మాట ఇచ్చిన తరువాత మనిషి చేయవలసింది ఏమైనా మిగులుతుందా? ఈ ప్రశ్నకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఇచ్చినంత వివరమైన జవాబు నేను మరెక్కడా చదవలేదు. పౌలు ఖైదీగా రోముకు వెళ్తున్న ఓడ తుపానులో చిక్కుకుంది. ఓడలో 276 మంది ఉన్నారు. సరుకు నీళ్ళలో పారేశారు, ఓడ సామగ్రి పారేశారు, ఎన్నో రోజులు సూర్యుడూ నక్షత్రాలూ కనబడలేదు. అప్పుడు పౌలు లేచి నిలబడి, దేవుని దూత రాత్రి తనతో మాట్లాడాడనీ, ఓడకే గాని ఎవరి ప్రాణానికీ హాని కలగదనీ చెప్పాడు. అంతకంటే ఖచ్చితమైన వాగ్దానం ఉండదు.

ఆ తరువాత జరిగినదే అసలు విషయం. 14వ రాత్రి ఒడ్డు దగ్గరపడుతోందని అనుమానించి నావికులు లోతు కొలిచారు. మొదట ఇరవై బారలు, కాస్త ముందుకు పోయాక పదిహేను బారలు. రాళ్ళకు కొట్టుకుంటామని భయపడి నాలుగు లంగరులు వేసి, ఎప్పుడు తెల్లవారుతుందా అని కాచుకున్నారు. కొందరు నావికులు లంగరు వేసే నెపంతో చిన్న పడవ దించి పారిపోబోతే, పౌలు శతాధిపతితో, వీళ్ళు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరు అన్నాడు.

ఎవరూ చావరని చెప్పిన నోరే, వీళ్ళు పోతే మీరు బతకరని కూడా చెప్పింది. పౌలుకు ఇందులో విరోధమేమీ కనబడలేదు. వాగ్దానం గట్టెక్కే దారి నావికుల చేతుల మీదుగా ఉందని అతను అనుకున్నాడు. తెల్లవారే ముందు అందరినీ కూర్చోబెట్టి, పద్నాలుగు రోజులుగా ఏమీ తినలేదు, ప్రాణరక్షణకు ఇది అవసరం, తినండి అని రొట్టె విరిచి తాను ముందు తిన్నాడు. చివరికి ఈతవచ్చినవాళ్ళు దూకారు, రానివాళ్ళు పలకలు పట్టుకుని మెలితే ద్వీపానికి చేరారు. ఓడ పోయింది, మనుషులందరూ దక్కారు. ఓడ కూడా దక్కాలని ప్రార్థించినవాళ్ళు ఆ 276 మందిలో ఉండే ఉంటారు, కాని వాగ్దానం ఓడకు లేదు.

పనల మీద వాన

ఈ సూత్రం మన పొలంలో ఎలా ఉంటుందో ఒక ఊహించిన ఉదాహరణతో చూద్దాం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. అలాంటి రాత్రికి రెండు రోజుల ముందు, సార్వా వరి కోసి పనలు చేలో ఆరేసి ఉన్న ఒక కౌలు రైతును అనుకోండి. మూడు ఎకరాలు, ఎకరానికి 30 బస్తాల దిగుబడి ఆశ, అందులో సగం భూమి యజమానికిచ్చే మక్తా. వాన పడినా మక్తా తగ్గదు. అతను విశ్వాసి, మోకరించి ప్రార్థన చేశాడు. తరువాత?

అతని ముందున్న విషయాలు మూడు రకాలు. కొన్ని అతని చేతిలో ఉన్నాయి: పనలు కుప్ప వేయడం, బరకాలు కప్పడం, గట్టు తెంపి నీరు బోదెలోకి పంపడం, తడిసిన కంకులు మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం చల్లడం. కొన్ని ఇతరుల చేతిలో ఉన్నాయి: కూలీలు వస్తారా, మురుగు కాలువలో గుర్రపుడెక్క తీశారా, తేమ 17 శాతం దాటిన ధాన్యాన్ని కొనుగోలు కేంద్రంలో ఏం చేస్తారు, భూమి యజమాని మక్తాలో కొంత ఆగుతాడా. ఈ రకంలో అతను అడగవచ్చు, బతిమాలవచ్చు, నలుగురితో కలిసి నిలదీయవచ్చు, చేయించి తీరగలనని మాత్రం అనలేడు. మూడో రకం ఎవరి చేతిలోనూ లేదు: గాలి ఎటు తిరుగుతుంది, వాన ఎన్ని గంటలు కురుస్తుంది.

అదుపు మానుకోవడమంటే మొదటి రకం పనులు ఆపడమని ఒకరు అర్థం చేసుకుంటే, కుప్ప వేయకుండా ప్రార్థనలో కూర్చుంటారు. మరొకరు దీనికి పూర్తిగా ఎదురు తిరిగి, మూడో రకాన్ని కూడా తన పనిగా పెట్టుకుంటారు. రాత్రంతా ఫోనులో తుపాను బొమ్మ తిప్పి తిప్పి చూస్తారు, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటారు, ఒక వారం ముందే కోసి ఉంటే అని తమను తాము తిట్టుకుంటారు. చూడటానికి ఒకరు భక్తిపరులుగా, ఇంకొకరు బాధ్యతగలవారుగా కనిపిస్తారు. ఇద్దరూ కలిపేసినది ఒక్కటే, తమ వంతునూ దేవుడి వంతునూ.

ఇంత శుభ్రంగా గీత గీయడం కాగితం మీద తేలిక. చేలో ఆ గీత చెరిగిపోతుంటుంది. బరకాలు మూడు ఎకరాలకు చాలవు, అప్పు చేసి ఇంకో రెండు తేవాలా, ఇక చాలనుకోవాలా? ఏది ‘నా వంతు’ అన్నది ఎక్కడ ముగుస్తుందో ఏ వచనమూ బస్తాల లెక్కలో చెప్పదు. యాకోబు పత్రిక 4వ అధ్యాయం ప్రణాళిక వేసుకునేవాళ్ళతో, “ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము” అనమంటుంది. అందులో ‘ఇది అది చేతము’ అనే పనీ ఉంది, ‘చిత్తమైతే’ అనే హద్దూ ఉంది, రెండింటి మధ్య కొలబద్ద మాత్రం ఇవ్వలేదు.

పెద్దల వాదోపవాదాలు

సంఘ చరిత్రలో ఈ చర్చ చాలాసార్లు రేగింది. 17వ శతాబ్దంలో మిగెల్ దె మొలీనోస్ అనే స్పెయిన్ దేశపు కాథలిక్ గురువు, ఆత్మ పూర్తిగా నిశ్చలమై, తన ప్రయత్నమంతా ఆపితేనే దేవుడు పనిచేస్తాడని బోధించాడు. 1687లో పోపు 11వ ఇన్నోసెంట్ ఆయన బోధలోని 68 ప్రతిపాదనలను తప్పుపట్టాడు. ప్రొటెస్టంట్లలో 1875లో ఇంగ్లండులోని కెజిక్ పట్టణంలో మొదలైన సభలు వేరే దారిలో దాదాపు ఇలాంటి చోటికే వచ్చాయి. పాపంతో నీ సొంత బలంతో పోరాడి ఓడిపోతున్నావు, పోరు ఆపి పూర్తిగా సమర్పించుకో, క్రీస్తు నీలో జయిస్తాడు అన్నది ఆ బోధ సారం. తెలుగు సంఘాల్లో ‘సంపూర్ణ సమర్పణ’ గురించి వినే మాటలు దానికి ఎంతో దగ్గరగా ఉంటాయి. ఆ బోధ వల్ల నిజంగా నెమ్మది పొందినవారు ఎందరో ఉన్నారు, ముఖ్యంగా ఎంత చేసినా చాలడం లేదని తమను తాము హింసించుకునేవారు.

1955లో జె.ఐ. పాకర్ అనే ఆంగ్లికన్ వేదాంతి ఈ బోధను గట్టిగా విమర్శించాడు. దేవుడు పనిచేయడం నా సమర్పణ మీద ఆధారపడితే, చివరికి అంతా మళ్ళీ నా చేతిలోకే వచ్చినట్టు కాదా అన్నది ఆ విమర్శలోని పదును. నేను సరిగ్గా అప్పగించుకున్నానా, ఇంకేమైనా పట్టుకుని ఉన్నానా అని రోజూ తడుముకునే మనిషి అదుపు మానలేదు, అదుపు చేసే వస్తువును మార్చాడంతే. ఈ వాదం పక్షాన నిలబడేవారు ఫిలిప్పీయులకు 2:12, 13 చూపుతారు. మీ రక్షణను భయంతో వణకుతో కొనసాగించుకోండి, ఎందుకంటే మీలో పనిచేసేది దేవుడే అని అక్కడుంది. దేవుడు పనిచేస్తున్నాడు కాబట్టే మీరు పనిచేయండి అన్నది పౌలు తర్కం.

ఈ పోరు మన నేలకు కొత్త కాదు. శరణాగతి గురించి శ్రీవైష్ణవులు కోతిపిల్ల, పిల్లికూన పోలికలతో శతాబ్దాలుగా వాదించుకున్నారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. భగవద్గీత చెప్పిన, ఫలం మీద ఆశ లేని కర్మకూ క్రైస్తవ అప్పగింతకూ తేడా ఏమిటని హిందూ మిత్రులు అడగడం కూడా న్యాయమైన ప్రశ్నే. కలిసే చోట్లు ఉన్నాయి, ఫలితం మీద పట్టు సడలడం రెండింట్లోనూ ఉంది. నాకు కనిపించే తేడా అడగడంలో ఉంది. క్రైస్తవుడు ఫలాన్ని కోరకుండా ఉండనక్కరలేదు. కోరతాడు, పేరు పెట్టి అడుగుతాడు, అనుదిన ఆహారం దగ్గర నుంచి అడగమనే యేసు నేర్పించాడు. అడిగిన తరువాత, ఇవ్వడం తండ్రి ఇష్టానికి విడుస్తాడు.

నరసాపురానికి వచ్చినవారు

డెల్టాకు ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు తమ కుటుంబాలతో 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట భారతదేశానికి బయలుదేరారు. తరువాత గోదావరి డెల్టా మిషన్‌గా పేరు పొందిన పని వారితోనే నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో మొదలైంది. జీతం ఇంతని హామీ ఇచ్చే మిషనరీ సొసైటీ వెనుక లేకుండా, దేవుడు పంపినదానితో బతకాలన్నది వారి పద్ధతి. గ్రోవ్స్ బావమరిది వరసైన జార్జ్ ముల్లర్ అదే 1836లో బ్రిస్టల్‌లో అనాథల కోసం మొదటి ఇల్లు తెరిచి, ఎవరినీ డబ్బు అడగకుండా ప్రార్థన మీదే నడిపాడు.

ఇంతవరకూ మనం సాక్ష్యాల్లో విన్న కథే. వినని భాగం ఏమిటంటే, ముల్లర్ పైసా పైసాకు లెక్క రాశాడు, ఏటేటా నివేదికలు అచ్చు వేయించాడు. ఆ నివేదికలే ఒక రకంగా విన్నపాలు కదా అని అప్పుడూ ఇప్పుడూ అడిగినవారున్నారు, ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. గ్రోవ్స్ విషయానికి వస్తే, చిత్తూరులో తన పనికి సొంత సంపాదన ఉండాలని పట్టుపురుగుల పెంపకానికి దిగి బాగా నష్టపోయాడు. దేవుణ్ణి నమ్ముకున్న మనిషి వేసిన లెక్క కూడా తప్పవచ్చు. అతని విశ్వాసాన్ని ఆ నష్టంతో కొలవడం ఎంత పొరపాటో, ముల్లర్ విశ్వాసాన్ని ఆయనకు వచ్చిన చందాలతో కొలవడమూ అంతే పొరపాటని నా అభిప్రాయం. బౌడెన్, బీర్ ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టడానికి చేరిన కూలీల మధ్యకు వెళ్ళి సువార్త ప్రకటించారు. ఎండలో రాళ్ళు మోసే మనుషులకు వాళ్ళు చెప్పిన నమ్మకం పని మానమనేది కాదు.

వాగ్దానం చీటీ

మా పెద్దమ్మ బైబిలులో ప్రతి కొత్త సంవత్సరం ఆరాధనలో ఏడాదికొక వచనం చొప్పున తీసిన వాగ్దానపు కార్డులు వరసగా ఉంటాయి. అంచులు పసుపుపచ్చబడ్డాయి, కొన్నింటి వెనుక పెన్నుతో ఆమె పిల్లల పేర్లు రాసి ఉన్నాయి. ఒక దాని వెనుక పేరు రాసి, కొట్టివేసి, మళ్ళీ అదే పేరు రాసి ఉంది. ఎందుకని నేనడగలేదు.

ఆ కార్డులు ఎన్నో ఇళ్ళను ఏడాదంతా నిలబెడతాయి, వాటిని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. చిక్కు ఎక్కడంటే, వాగ్దానాన్ని పట్టుకుని, ‘నోటితో ప్రకటిస్తే జరిగి తీరుతుంది, జరగకపోతే నీ విశ్వాసం చాలలేదు’ అనే బోధ వచ్చినప్పుడు. పైకి ఇది విశ్వాసపు శిఖరంలా ఉంటుంది. లోపల చూస్తే ఇది అదుపే, ఈసారి దేవుణ్ణే అదుపు చేసే ప్రయత్నం. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్న శోధకుడు కూడా ఒక వాగ్దానాన్నే, 91వ కీర్తన నుంచి, ఎత్తి చెప్పాడు. ప్రభువైన నీ దేవుని శోధింపవద్దు, అంటే పరీక్షించవద్దు, అని యేసు జవాబిచ్చాడు.

దానియేలు 3వ అధ్యాయంలో అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు రాజుతో, మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు అన్నారు. వెంటనే, “ఒకవేళ ఆయన రక్షింపకపోయినను” నీ ప్రతిమకు మొక్కము అన్నారు. దేవుణ్ణి నమ్మడానికీ, దేవుడు ఈ పని చేస్తాడని నమ్మడానికీ మధ్య ఉన్న దూరమంతా ఆ ‘ఒకవేళ’లో ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపానులో వెయ్యికి పైగా మనుషులు పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. పోయినవారిలో ప్రార్థన చేస్తూ పోయినవారున్నారు. వారి విశ్వాసం తక్కువైందని చెప్పే ఏ బోధనూ నేను అంగీకరించలేను.

మాత్రలు మానిన పెద్దాయన

ఈ చిక్కు విప్పడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. 1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు, పారిపోవచ్చా అన్న ప్రశ్నకు జవాబుగా మార్టిన్ లూథర్ ఒక బహిరంగ లేఖ రాశాడు. ఊళ్ళో నిలబడి రోగులకు సేవ చేసిన మనిషే, మందు పుచ్చుకుంటాను, గాలి శుద్ధికి పొగ వేస్తాను, నా అవసరం లేని చోటికి వెళ్ళను అన్నాడు. మందులను తోసిపుచ్చి అదే విశ్వాసమనుకునేవారు దేవుణ్ణి నమ్మడం లేదు, శోధిస్తున్నారన్నాడు. ప్రార్థనకూ మందుకూ పోటీ పెట్టినవారితో ఆయన ఏకీభవించలేదు.

ఎన్నడూ పట్టే లేనివారి సంగతి

అదుపు వదులుకోమనే బోధ ఎక్కువగా అదుపు ఉన్నవాళ్ళను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. చదువు, ఉద్యోగం, పొలం, పిల్లల పెళ్ళిళ్ళు అన్నీ తన లెక్క ప్రకారం నడవాలనుకునే మనిషికి అది అవసరమైన మాటే. మన డెల్టా సంఘాల్లో పెద్ద భాగం దళిత కుటుంబాలు. ఏ చేలో పని చేయాలో, కూలి ఎంతో, ఏ చెరువులో నీళ్ళు తాగాలో కూడా తరతరాలుగా ఇతరులే నిర్ణయించిన మనుషులు. వాళ్ళ తాతలకు సువార్త అందినప్పుడు అది ‘మీ పట్టు వదలండి’ అన్న మాటగా అందలేదు. అక్షరం నేర్చుకోవడం, బైబిలు తామే చదవడం, సంఘంలో పెద్దగా నిలబడి నలుగురి ముందు ప్రార్థించడం, పిల్లవాణ్ణి బడికి పంపడం, ఇవన్నీ బతుకు మీద మొదటిసారి చేయి వేయడం. 38 ఏళ్ళుగా జబ్బుతో ఉండి, బేతెస్ద కోనేటి దగ్గర తనను నీళ్ళలోకి దించేవారి కోసం ఎదురుచూసిన మనిషితో యేసు అన్నది ‘లేచి నీ పరుపెత్తుకొని నడువుము’ అనే. నిర్గమకాండములో ‘సాగిపొండి’ అన్నది కూడా బానిసలతోనే.

అందుకే ఒకే వాక్యం ఇద్దరికి రెండు రకాలుగా తగులుతుంది. భర్త కొడుతుంటే సహించి ప్రభువుకు అప్పగించుకో అని ఒక స్త్రీకి చెప్పినప్పుడు, వదిలేయమన్నది ఆమె చేతిలో లేని దాన్ని కాదు, ఉన్న ఒక్క అవకాశాన్ని. ఇంటి నుంచి బయటపడటం, పుట్టింటికి ఫోను చేయడం, పోలీసు దగ్గరకు వెళ్ళడం ఆమె వంతు పని. ఆ కొట్టేవాడికి మాత్రం ‘నీ అదుపు విడిచిపెట్టు’ అన్న మాట ఎవరూ చెప్పడం లేదు, నిజానికి ఆ బోధ వినవలసినవాడు అతనే. ఇక్కడ కొందరు కాపరులు చేసే హెచ్చరిక కూడా వినదగినదే: ఓర్పు కూడా ఆత్మఫలమే, ప్రతి బాధనూ హక్కుల లెక్కలో చూస్తే సిలువ అర్థం కాకుండా పోతుంది అంటారు. అది నిజమే. క్రీస్తు తన ప్రాణం గురించి, ఎవడూ దాన్ని నా దగ్గర నుంచి తీసుకోడు, నా అంతట నేనే పెడుతున్నాను అన్నాడని యోహాను 10వ అధ్యాయం చెబుతుంది. తనంతట తాను పెట్టడానికీ, బలవంతంగా లాక్కుంటుంటే ఊరుకోమని మరొకరు చెప్పడానికీ మధ్య తేడాను ఓర్పు బోధించేవారు కూడా చూపించాలి.

ఉదయం ఇచ్చి, రాత్రికి తెచ్చుకోవడం

మిగిలిన ప్రశ్న ఒకటి. ఒకసారి అప్పగించాక మళ్ళీ భయం వస్తే, ముందు చేసినది అబద్ధమా? పెద్దమ్మ ఒక సాయంత్రం ఒత్తులు చేసుకుంటూ అంది: “పొద్దున్నే ఆయనకి అప్పజెప్పేస్తానమ్మా. దీపాలు పెట్టేవేళకి మళ్ళీ నేనే తెచ్చేసుకుంటాను. ఆయనకీ విసుగొస్తుందేమో.” కరెంటు పోతే వెలిగించే చిన్న దీపానికి ఆ ఒత్తులు. కొడుకు దుబాయిలో ఉన్నాడు.

సమర్పణను ఒక్కసారి జరిగే మలుపుగా బోధించేవారికి ఈ మాట ఓటమిలా వినిపిస్తుంది. కీర్తనల గ్రంథం అలా వినదు. 88వ కీర్తన మొదటి మాట నుంచి చివరి మాట వరకు మొరే, చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు వచనం ఒక్కటీ చేర్చకుండానే దాన్ని లేఖనాల్లో ఉంచారు. పౌలు తన శరీరంలోని ‘ముల్లు’ను, అంటే తనను విడవని ఒక బాధను, తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. గెత్సేమనేలో యేసు ముందు తన శ్రమల గిన్నె తొలగించమనే అడిగాడు, ఆ తరువాతే “నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక” అన్నాడు. లేచి శిష్యుల దగ్గరకు వచ్చి, వాళ్ళు నిద్రపోతుండటం చూసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ ప్రార్థించాడు. మూడోసారి ఏమని ప్రార్థించాడో మత్తయి కొత్తగా రాయలేదు. ఆ మాటలే చెప్పాడని రాశాడు.